బాలల చలనచిత్రోత్సవాన్ని విద్యార్థులకు అప్పగించండి: సినిమాటోగ్రఫీ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ బాలల సంవత్సరంగా ప్రకటించిన 1979లో మొదలై, రెండేళ్ళకొకసారి దేశంలోని ఒక్కో నగరంలో జరుగుతూ వచ్చిన భారత అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవానికి 1999 నుంచి హైదరాబాదు శాశ్వత వేదిక అయిన సంగతి తమకు తెలిసిందే. నవంబరు నెల వచ్చిందంటే ఆ ఉత్సవ చిహ్నమైన బంగారు ఏనుగు బొమ్మ నగరమంతా కనిపించేది, శిల్పకళావేదికలో ప్రారంభోత్సవం జరిగేది, ఉదయం పూట థియేటర్ల ముందు యూనిఫారాల వరసలు నిలబడేవి. 2017 నవంబరులో 20వ ఉత్సవం జరిగింది. హైదరాబాదు పిల్లలు చూసిన చివరి ఉత్సవం అదే. దాన్ని నిర్వహిస్తూ వచ్చిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ 2022లో, ఫిల్మ్స్ డివిజన్‌తోనూ మరి రెండు సంస్థలతోనూ కలిసి, జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది. ఇప్పుడు మన నగరానికి హోదా ఉంది, ఉత్సవం లేదు.

కేంద్రం మళ్ళీ ఎప్పుడు పూనుకుంటుందో అని ఎదురుచూడటం మాని, రాష్ట్ర ప్రభుత్వమే ప్రతి ఏడాది నవంబరు 14కు అటూ ఇటూగా ఒక బాలల చలనచిత్రోత్సవాన్ని జరపాలనీ, దాని నిర్వహణ భారంలో అధిక భాగాన్ని రాష్ట్రంలోని డిగ్రీ, పీజీ విద్యార్థులకు అప్పగించాలనీ కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఈ కోరికలోని రెండు సగాల్లో మొదటిదాన్ని ఇంతకుముందు చాలామంది పెద్దలు తమ దృష్టికి తెచ్చే ఉంటారు. నా పట్టుదల రెండో సగం మీద.

2011లో రంగారెడ్డి జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల నుంచి బస్సులో వచ్చి ఆ ఉత్సవంలో సినిమా చూసిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. 2017లో డిగ్రీ చదువుతూ అదే ఉత్సవంలో వాలంటీరుగా పనిచేశాను. ఇప్పుడు నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. ప్రేక్షకురాలిగా చూసింది నాకు సినిమా మీద ఇష్టం కలిగించింది. కానీ ఒక సినిమా తెర మీదికి రావడానికి వెనుక ఎంతమంది చేతులు ఆడాలో, ఎన్ని సంతకాలు పడాలో, ఒక హాలు నిండా పిల్లలను భద్రంగా కూర్చోబెట్టి భద్రంగా పంపడమంటే ఏమిటో నేర్పింది మాత్రం వాలంటీరు బ్యాడ్జీయే. మా కళాశాలలో మూడేళ్ళపాటు చదివిన మాస్ కమ్యూనికేషన్ పాఠాల్లో ఆ జ్ఞానం లేదు. అధ్యాపకుల మీద ఫిర్యాదుగా ఈ మాట అనడం లేదు. అది తరగతి గదిలో చెప్పగలిగింది కాదు.

బయటివారికి ఉత్సవ నిర్వహణ అంటే వేదిక మీది దీపప్రజ్వలన, శాలువాలు, పత్రికా సమావేశం కనిపిస్తాయి. లోపల పని వేరు. ఈ రోజుల్లో సినిమా రీలు డబ్బాల్లో రాదు. హార్డ్ డిస్కులోనో, ఇంటర్నెట్ ద్వారానో వస్తుంది. దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి విడిగా ఈమెయిల్లో వస్తుంది. ఆ తాళంచెవి ఫలానా థియేటరులోని ఫలానా సర్వరుకే, ఫలానా వ్యవధిలోనే పనిచేస్తుంది. ఎవరో పెద్దమనిషి వస్తున్నారని ఆఖరి నిమిషంలో ప్రదర్శనను ఈ హాలు నుంచి ఆ హాలుకు మార్చితే, సినిమా తయారుగానే ఉన్నా తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. సెన్సారు సర్టిఫికెట్ లేని విదేశీ చిత్రాలను ఉత్సవంలో చూపాలంటే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టంలోని 9వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. ఆ మినహాయింపుతో చూపే చిత్రాలు పేరు నమోదు చేసుకున్న ప్రతినిధులకే గాని, టిక్కెట్టు కొనుక్కుని వచ్చే సాధారణ ప్రేక్షకులకు కావు. అంటే ప్రతి పాఠశాల నుంచి వచ్చే పిల్లల పట్టిక ముందుగా చేతికి రావాలి, హాలులో ఉన్న సీట్లకు మించకుండా పంపకం జరగాలి, ఆ పట్టిక ప్రకారమే గేటు దగ్గర లెక్క సరిపోవాలి. పాఠశాలల ప్రదర్శన ఉదయాన్నే మొదలై, థియేటరు వారి పదకొండు గంటల ఆటకు ముందే హాలు ఖాళీ కావాలి. తొమ్మిదిన్నరకు సీట్లో ఉండాల్సిన పిల్లవాడు వికారాబాదు దగ్గరి ఊరి నుంచి రావాలంటే ఏ వేళకు ఇల్లు కదలాలో, దారిలో ఏం తినాలో, తిరిగి వెళ్ళేసరికి మధ్యాహ్న భోజనం సంగతేమిటో ఎవరో ఒకరు కూర్చుని లెక్క వేయాలి.

ఈ పనుల్లో దేనికీ ప్రతిభాశాలి దర్శకులు అక్కరలేదు. ఫోను ఎత్తేవారు, పట్టిక రాసేవారు, పిల్లల పక్కన కూర్చునేవారు, ప్రొజెక్షన్ గదికీ హాలుకూ మధ్య పరుగెత్తేవారు కావాలి. మన కళాశాలల్లో అలాంటి వేలాదిమంది ఉన్నారు. జాతీయ సేవా పథకంలో చేరిన ప్రతి విద్యార్థీ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు సేవాకార్యక్రమాల్లో పాల్గొనాలి. ఆ గంటల్లో కొన్నింటిని బాలల చలనచిత్రోత్సవానికి కేటాయించేందుకు ఉన్నత విద్యామండలితో మాట్లాడి ఒక ఉత్తర్వు ఇప్పిస్తే, దానికి పైసా ఖర్చు లేదు. ఆవరణలో గడ్డి పీకి ఫోటో దిగి గంటలు నింపుకునే అలవాటు కొన్ని కళాశాలల్లో ఉందని తమకు విన్నవించుకోవడం అమర్యాద కాదనుకుంటాను.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా విన్నవించదలచిన విషయానికి వస్తాను. అది భాష.

విదేశీ చిత్రాలకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు ఉండటం ఏ ఉత్సవంలోనైనా రివాజే. కానీ నాలుగైదు తరగతుల పిల్లలకు, అందులోనూ తెలుగు, ఉర్దూ మాధ్యమాల్లో చదివేవారికి, ఆ అక్షరాలు కూడబలుక్కునేలోగా మాయమైపోతాయి. చిన్నప్పుడు నేను చూసిన సినిమాలో కథ నాకు అర్థమైందంటే, మా వెనుక వరసలో కూర్చున్న సైన్సు టీచరు గొంతు తగ్గించి మా వరసంతటికీ మాటలు చెబుతూ రావడమే కారణం. మా వరసకు అటువైపు ఉన్న పిల్లలు కూడా మెడలు ఇటు చాచి విన్నారు. ఆ టీచరు చేసిన పనిని జర్మనీలో పద్ధతిగా చేస్తారని చాలా ఏళ్ళ తరువాత తెలుసుకున్నాను. 1978లో మొదలైన బెర్లిన్ చలనచిత్రోత్సవపు బాలల విభాగంలో, విదేశీ సినిమా ఆడుతుండగా ఒకరు హాలులోనే మైకు ముందు కూర్చుని సంభాషణలను జర్మన్ భాషలో అప్పటికప్పుడు చదువుతారు. అక్కడి పిల్లలు దానికి ఎంతగా అలవాటు పడ్డారంటే, కాసేపటికి ఆ గొంతు తెర మీది మనుషులదే అన్నట్టు వింటారట. మనకూ ఇది కొత్త కాదు. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథంతా వల్లించే మనిషి మన ఊళ్ళలోనూ ఉండేవాడు. జనం సినిమాకు ఎంత వచ్చేవారో, ఆయన మాట వినడానికీ అంత వచ్చేవారని పెద్దలు చెబుతారు.

ఈ పనికి కావలసిన మనుషులు హైదరాబాదులో ఉన్నంతగా దేశంలో మరెక్కడా లేరేమో! తార్నాకకు దగ్గరలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, రష్యన్, అరబిక్, జపనీస్ వంటి భాషలు చదివే విద్యార్థులున్నారు. తెలుగు విశ్వవిద్యాలయంలో నాటకం, రంగస్థలం నేర్చుకునేవారున్నారు. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూలో చక్కగా రాయగలవారున్నారు. ఈ ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెడితే ఒకరు మూలభాష నుంచి మాట తెస్తారు, ఒకరు దాన్ని పిల్లల తెలుగులోకి దించుతారు, మరొకరు గొంతునిస్తారు. పాతబస్తీ పాఠశాలలు వచ్చే ఉదయాన అదే సినిమాను ఉర్దూలో చదువుతారు. సినిమా ఎంపికైన తరువాత రెండు నెలల గడువు ఇచ్చి, గౌరవవేతనం ఏ కొంచెమైనా ఇచ్చి, పిల్లల రచయితలను ఇద్దరు ముగ్గురిని తోడుగా ఇస్తే చాలు. పుస్తకాల తెలుగులో కాకుండా, ఆదిలాబాదు పిల్లవాడూ సూర్యాపేట పిల్లా ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక ఇరాన్ బాలుడు మాట్లాడితే, ఆ హాలులో ఏమవుతుందో చూడాలని నాకు ఎంతో ఆశ.

2017లో ఒక ప్రదర్శన ముగిశాక పిల్లలతో సంభాషణ ఉండగా, మైకు పట్టుకుని వరసల మధ్య తిరిగే పని నాకు పడింది. ముందు పెద్దలు లేచి ఆ చిత్రంలోని సామాజిక సందేశం గురించి సుదీర్ఘంగా అడిగారు. ఆ తరువాత మూడో వరసలోంచి ఒక పాప లేచి, సినిమాలో ఆ పిల్లాడు మేకను అమ్మేశాక దానికి నీళ్ళెవరు పెట్టారని అడిగింది. దర్శకుడి తరఫున వచ్చినాయన చాలాసేపు ఆలోచించి, షూటింగు అయిపోయాక ఆ మేకను తమ యూనిట్ మనిషి ఒకాయన ఇంటికి తీసుకుపోయాడని చెప్పారు. హాలంతా చప్పట్లు. ఆ ఏడాది నేను విన్న విమర్శల్లో అంతకంటే సూటిగా ఉన్నది మరొకటి లేదు. ఆ పాప ఇంగ్లీషులో అడగలేదు. మాలో ఒకరు అనువదించారు. అనువదించేవారు లేని చోట ఆ ప్రశ్న లేవదు.

వాలంటీర్లను తీసుకోవడం ఒక్కటే సరిపోదనీ, ఎలా తీసుకుంటారన్నదే అసలు సంగతి అనీ కూడా చెప్పాలి. ఆ తరువాతి సంవత్సరాల్లో మరికొన్ని చిన్న ఉత్సవాల్లో పనిచేశాను. వాటిలో ఒకదానిలో, పేరు అనవసరం, ఉదయం నుంచి రాత్రి వరకు గేటు దగ్గర నిలబెట్టి, మధ్యాహ్నం భోజనం కూపన్లు చాలవని చెప్పి, చివరికి ఇస్తామన్న ధ్రువపత్రం కూడా ఇవ్వలేదు. లోపల ముందు నాలుగు వరసలు అతిథుల కోసం ఖాళీగా ఉంచి, బయట పాసులున్న విద్యార్థులను వెనక్కి పంపమన్నారు. ఆ పని చేసింది మేమే, వారి కోపం పడిందీ మా మీదే. అలాంటి చోట పనిచేసిన విద్యార్థి రెండోసారి రాడు. విద్యార్థులను ఉచితంగా దొరికే సెక్యూరిటీ సిబ్బందిగా చూసేట్లయితే ఈ లేఖలోని కోరికను నేను ఇక్కడే ఉపసంహరించుకుంటాను.

అందుచేత, పనిచేసే ప్రతి విద్యార్థికీ పూట పూటకూ భోజనం, రాత్రి ఆలస్యమైతే ఇంటికి చేరే ఏర్పాటు (ఆడపిల్లల విషయంలో ఇది తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న), రోజుకు కనీసం ఒక సినిమా కూర్చుని చూసే వీలు నియమావళిలో రాతపూర్వకంగా ఉండాలని కోరుతున్నాను. చివరిది విలాసం కాదు. తాను పిల్లలకు చూపిస్తున్న సినిమా ఏమిటో తెలియని వాలంటీరు, ఏడుస్తున్న పిల్లవాడిని ఏమని ఓదారుస్తాడు? ఇక జనసమూహాన్ని సంబాళించడంలో పోలీసు, అగ్నిమాపక శాఖల చేత ముందుగా రెండు రోజుల శిక్షణ తప్పనిసరి. 2024 డిసెంబరులో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక సినిమా ప్రీమియర్ నాటి తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయి, ఆమె బిడ్డ ఆసుపత్రి పాలైన తరువాత, ఈ నగరంలో పిల్లలను థియేటరుకు పిలిచేవారెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరాదు.

డబ్బు మాట. ఇటువంటి ఉత్సవానికి తారల రాత్రి అక్కరలేదు, ఐదు నక్షత్రాల హోటల్లో ముగింపు విందు అక్కరలేదు. ఖర్చు పెట్టవలసింది బస్సుల మీద, పిల్లల తిండి మీద, సినిమాల ప్రదర్శన రుసుము మీద, తెలుగు, ఉర్దూ అనువాదం మీద. ఆర్టీసీ ప్రభుత్వానిదే. రవీంద్రభారతి ప్రభుత్వానిదే, ఆ ఆవరణలోనే పైడి జైరాజ్ పేరిట ప్రివ్యూ థియేటరు ఉంది. కరీంనగర్ నుంచి వెళ్ళి హిందీ చిత్రసీమలో ఎదిగి, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న ఆయన పేరున్న ఆ చిన్న హాలులో, భాషా సాంస్కృతిక శాఖ 2016 నుంచి ‘సినివారం’ పేరిట కొత్త దర్శకుల లఘుచిత్రాలను చూపించింది. అక్కడ తమ మొదటి చిత్రాన్ని చూపించుకున్నవారు తరువాత పరిశ్రమలో స్థిరపడ్డారు. అంటే చిన్న హాలు, క్రమం తప్పని ప్రదర్శన, ప్రవేశానికి అడ్డంకి లేకపోవడం ఏం చేయగలవో ప్రభుత్వానికి అనుభవమే. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024లో ప్రారంభమైంది. ఉత్సవంలోని సగం ప్రదర్శనలు హైదరాబాదు బయట, అలాంటి జిల్లా కేంద్రాల్లో జరిగితే బస్సుల ఖర్చు తగ్గడమే కాక, అక్కడి డిగ్రీ కళాశాలల పిల్లలకు కూడా ఈ పని అందుతుంది. నగరంలోని విద్యార్థికి సినిమావాళ్ళ పరిచయం ఎలాగో ఒకలాగ దొరుకుతుంది. ములుగులో చదివే విద్యార్థికి దొరకదు.

చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ 1955 నుంచి నిర్మించిన చిత్రాల నిధి ఇప్పుడు జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ దగ్గర ఉంది. రెండు వందలకు పైబడిన ఆ చిత్రాల్లో పలు భారతీయ భాషల్లోకి డబ్బింగు అయినవి ఉన్నాయి. విదేశీ చిత్రాలకు అనుమతులూ తాళంచెవులూ తెచ్చుకోవడం మొదటి ఏడాది కష్టమనిపిస్తే, రాష్ట్రం ఆ సంస్థతో ఒప్పందం చేసుకుని ఆ నిధి నుంచి సగం కార్యక్రమాన్ని రూపొందించుకోవచ్చు. పాతవి కదా అని పిల్లలు ముఖం తిప్పుకోరు. బాగాలేకపోతే తిప్పుకుంటారు. అందుకే ఎంపిక సంఘంలో పిల్లలూ ఉండాలి. మన ఉత్సవంలోనూ ఒకప్పుడు బాలల జ్యూరీ ఉండేదన్నది గుర్తుచేయడం అవసరమనుకుంటున్నాను.

ఇతర రాష్ట్రాల మాట తమ వంటివారికి చెప్పడం సాహసమే. అయినా కేరళను చూడమని అడుగుతాను. 1996లో మొదలైన అక్కడి అంతర్జాతీయ చలనచిత్రోత్సవాన్ని, 1998లో ఏర్పడిన రాష్ట్ర చలచ్చిత్ర అకాడమీ ఏటా డిసెంబరులో తిరువనంతపురంలో నడుపుతోంది. విద్యార్థులకు తక్కువ రుసుముకు ప్రతినిధి పాసులు ఇస్తారు. వాళ్ళు కళాశాల సంచులతోనే క్యూలో నిలబడి ఆ నగరాన్ని వారం రోజులపాటు నింపేస్తారు. అక్కడి సినిమా మనకంటే భిన్నంగా ఎందుకుంటుందని మన పరిశ్రమలో తరచూ చర్చ జరుగుతుంది. జవాబులో కొంత భాగం ఆ క్యూలలో ఉందని నా అభిప్రాయం. మన రాష్ట్రంలో సినిమాకు తరలివచ్చే యువత తక్కువేమీ కాదు. తెల్లవారుజాము బెనిఫిట్ షోలకు తరలివచ్చిన ఉత్సాహాన్ని మరో రకం సినిమా వైపు ఒక వారంపాటు తిప్పే ఏర్పాటు మాత్రం లేదు. 1986లో ఫిల్మోత్సవ్ అనే అంతర్జాతీయ చలనచిత్రోత్సవం హైదరాబాదులో జరిగినప్పుడు ప్రపంచ సినిమాను మొదటిసారి చూశామని చెప్పుకునే తరం ఒకటి ఇక్కడ ఉంది. మా తరానికి అటువంటిది ఒకటి కావాలి.

ఒక చిన్న మనవి. ప్రారంభోత్సవ ఉపన్యాసాలు పది నిమిషాలకు మించకుండా చూడండి. పిల్లలు పెద్దల మాటలకు చప్పట్లు కొడుతున్నారంటే అవి నచ్చాయని కాదు, సినిమా ఎప్పుడు వేస్తారని అడుగుతున్నారని అర్థం. వేదిక పక్కన నిలబడి చూసిన వాలంటీర్లందరికీ ఈ సంగతి తెలుసు. చెప్పే ధైర్యం లేక ఊరుకుంటారు.

నవంబరులో ఉత్సవం జరగాలంటే చిత్రాల ఎంపిక మే నెలలోనే మొదలు కావాలి. జూన్‌లో కళాశాలలు తెరుచుకోగానే విద్యార్థుల దరఖాస్తులు పిలవాలి, ఆగస్టులోగా అనువాద బృందాలు ఏర్పడాలి, కేంద్రం నుంచి మినహాయింపు పత్రాలు సెప్టెంబరుకల్లా దరఖాస్తు చేసి ఉండాలి, దసరా సెలవులకు ముందే పాఠశాలల పట్టికలు చేతికి రావాలి. కాబట్టి వచ్చే బడ్జెట్ సమావేశాల్లో దీనికి ఒక పద్దు కేటాయించి, తెలంగాణ చలనచిత్రాభివృద్ధి సంస్థ, పాఠశాల విద్యాశాఖ, ఉన్నత విద్యామండలి, భాషా సాంస్కృతిక శాఖల ప్రతినిధులతో ఒక కార్యనిర్వాహక సంఘాన్ని నియమించవలసిందిగా కోరుతున్నాను. ఆ సంఘంలో కనీసం ఇద్దరు విద్యార్థి ప్రతినిధులకు ఓటుహక్కుతో స్థానం ఇవ్వాలనీ, వారిలో ఒకరు హైదరాబాదు వెలుపలి కళాశాల నుంచి ఉండాలనీ మనవి. తాము సమయం ఇస్తే, వివిధ ఉత్సవాల్లో పనిచేసిన విద్యార్థులం కొందరం సచివాలయానికి వచ్చి, పాఠశాలల పట్టికల నమూనా నుంచి వాలంటీర్ల శిక్షణ ప్రణాళిక వరకు మేము తయారుచేసుకున్న పత్రాలను తమకు అందజేస్తాము.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక పరిశోధక విద్యార్థిని, పూర్వ వాలంటీరు
హైదరాబాదు